చెవిపిల్ల

పిట్ట వాళ్ళమ్మ సాయంత్రం ఆరింటికి సందు మలుపు తిరిగేసరికి ఎదురింటి తలుపు మూతపడేది. ఆ వేళ తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు, ఆ తలుపు చప్పుడు చాలు. ఎదురింటావిడ చెడ్డ మనిషేం కాదు. కాకపోతే ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే మనిషి గాలి తగిలినా జబ్బు అంటుకుంటుందని ఎవరో చెప్పారు, ఆవిడ నమ్మింది. నమ్మినందుకు పిట్ట వాళ్ళమ్మకు కోపం కూడా లేదు. తనూ సగం నమ్మేది.

అందుకే ఇంట్లోకి ముందు గుమ్మంలోంచి వచ్చేది కాదు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, చెప్పులు గోడ వారగా వదిలి, కట్టుకున్న బట్టలు సబ్బునీళ్ళ బకెట్లో ముంచి, తలమీంచి స్నానం చేసి, అప్పుడు గడప దాటేది. అప్పటిదాకా పిట్ట వంటింటి గుమ్మంలో నిలబడి దూరం నుంచే ఆ రోజు కబుర్లు చెప్పేది. తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగో తరగతి. సన్నగా, ఎప్పుడూ మెడ పక్కకి వాల్చి చూస్తుంది కనుక నానమ్మ పిట్ట అని పిలిచింది. స్కూలు రిజిస్టర్లో ఉన్న పేరు ఇంట్లో ఎవరూ వాడరు.

స్నానం అయ్యాక శానిటైజరు సీసా బయటికి వచ్చేది. తలుపు గడియ, స్విచ్చులు, కుళాయి, తాళంచెవులు, ఆఖర్న ఫోను. ఫోను మీద రెండుసార్లు, మనసు కీడు శంకించిన రోజున నాలుగుసార్లు కొట్టి, అంచుల్లో, కింద ఉన్న చిన్నచిన్న కన్నాల్లో కూడా గుడ్డ మొనతో పొడిచి తుడిచేది. లాండ్రీ మనిషికి తుడవడమంటే తడపడమే.

"అది రోజంతా ఇంట్లోనే ఉంటుంది కదే, దానికెందుకు?" అంది ఒకసారి అత్త.

"ఇప్పుడు నేను పట్టుకుంటాను కదత్తయ్యా. తుడిస్తే పోయేదేముంది?"

అత్త వినలేదు. ఆవిడకు చెవుడు అంటే ఒప్పుకోదు. చెవుడు వేరు, వినపడకపోవడం వేరు అని ఆవిడ వాదన.

ఇంటి మొత్తానికీ పనికొచ్చే ఫోను అదొక్కటే. భర్త లారీ మీద వెళ్ళి పదకొండు రోజులైంది, ఆయన ఫోను ఆయనతోనే ఉంది. స్కూలు మూసేసినప్పటి నుంచి పగలంతా దాంట్లోనే పిట్ట క్లాసులు. సాయంత్రం ఆరున్నర తర్వాత అమ్మది. ఆ మంగళవారం కూడా అన్నం కంచం ముందు పెట్టుకుని ఫోను తెరిస్తే, పిట్ట తరగతి తల్లిదండ్రుల గ్రూపులో నూట నలభై ఏడు మెసేజీలు ఉన్నాయి.

ఆ గ్రూపును నడిపేది బ్యాంకులో పనిచేసే ఒక తండ్రి. అందరూ బ్యాంకాయన అనేవారు. పిల్లల పేర్లు గ్రూపులో రాయకూడదు, ఎవరినీ నొప్పించకూడదు అని మొదటి రోజే నియమం పెట్టిన పెద్దమనిషి. పేరు రాయకుండా నొప్పించడం ఎలాగో మిగతావాళ్ళు తొందరగానే నేర్చుకున్నారు. ఆ రోజు గొడవంతా టీచరు గురించి. అరగంట పాఠంలో పది నిమిషాలు ఒకే పిల్ల తినేస్తోందట. ప్రతిదానికీ "మళ్ళీ చెప్పండి టీచర్" అంటుందట. ఈ టీచరమ్మ విసుక్కోకుండా మళ్ళీ చెబుతుందట, బోర్డు మీద రాస్తుందట, అప్పటికీ కాకపోతే ఇంకోసారి చెబుతుందట. ఆ పిల్ల కెమెరాకి మొహం చూపించదు. ఎప్పుడు చూసినా తెర మీద ఒక చెవి. "మావాడు దానికి చెవిపిల్ల అని పేరు పెట్టాడండీ," అని ఒక తల్లి రాసింది. దాని కింద నవ్వుతూ కళ్ళనీళ్ళు కార్చే బొమ్మలు ఇరవైకి తక్కువ లేవు.

పిట్ట వాళ్ళమ్మ కూడా నవ్వింది. నవ్వొచ్చే సంగతే కదా.

ఆ గ్రూపులో ఇప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు. అందరూ చకచకా టైపు చేసేవాళ్ళు. తను ఒక వాక్యం కూర్చేసరికి సంగతి ఎక్కడికో వెళ్ళిపోయేది. కానీ ఆ రోజు లాండ్రీలో రెండో షిఫ్టు మనుషులు రాక పదకొండు గంటలు నిలబడి వచ్చింది. కాళ్ళు లాగేస్తున్నాయి. తను ఇంత చాకిరీ చేస్తుంటే అక్కడ పిట్ట చదువును ఎవరి పిల్లో తినేస్తోందని కడుపు మండింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడింది.

"అందరికీ నమస్కారమండీ. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. పొద్దస్తమానం రోగుల దుప్పట్లు ఉతికి మడిచి వస్తాను. నా పిల్ల నాలుగక్షరాలు నేర్చుకుంటుందనే ఆ కష్టం. ఒక్క పిల్ల కోసం ముప్పై ఏడుమంది ఆగాలంటే ఎలాగండీ? మా దగ్గర మరక వదలని దుప్పటిని తీసి పక్కన పడేస్తాం. దానికోసం మిషను ఆపం. అలాంటి పిల్లల్ని విడిగా కూర్చోబెట్టండి. వాళ్ళ సంగతి వాళ్ళ అమ్మానాన్నలు చూసుకోవాలి. చూసుకోలేకపోతే అది వాళ్ళ తప్పు, మా పిల్లలది కాదు."

నాలుగు నిమిషాల్లో బొటనవేళ్ళు వచ్చిపడ్డాయి. "ఎంత బాగా చెప్పారు మేడమ్!" అని ఒక డాక్టరుగారి భార్య రాసింది. మేడమ్ అట. బ్యాంకాయన స్వయంగా వాయిస్ మెసేజీ పెట్టాడు. పిట్ట వాళ్ళమ్మ అలవాటు ప్రకారం ఫోను చెవికి ఆనించుకుని వింది. శనివారం స్కూలువాళ్ళు ఆన్‌లైన్లో మీటింగు పెడుతున్నారు, అందులో మీ మెసేజీ వినిపిస్తాను, ఇది తల్లిదండ్రులందరి గొంతు అన్నాడు. ఆమె అది రెండుసార్లు వింది. తర్వాత అత్త చెవి దగ్గర కూడా పెట్టింది.

"ఎవరే, అబ్బాయా?" అంది అత్త.

మర్నాడు లాండ్రీలో అక్కకు చెప్పకుండా ఉండలేకపోయింది. అక్క అంటే సొంత అక్క కాదు, మడతల జంట. దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో రెండు మూలలూ పట్టుకుని, బిగించి దులిపి, ఎదురెదురుగా నడిచి మూలలు కలపాలి. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలని గోడ మీద పెద్ద అక్షరాలతో అతికించారు. దుప్పటి పొడవు ఏడడుగులు. మొదటి మడతకే అది మూడున్నర. గోడ మీది మాట వినాలంటే ఒక్క దుప్పటీ మడత పడదు కనుక ఆ ఇద్దరూ మడత పడేటప్పుడు మొహాలు చెరో పక్కకీ తిప్పుకునేవారు.

"శనివారం అందరికీ నా గొంతు వినిపిస్తారట అక్కా," అంది మొహం పక్కకి తిప్పుకునే.

"ఏమన్నావేంటి?"

చెప్పింది. అక్క విని, మడిచినదాన్ని దొంతర మీద పెట్టి, అరచేత్తో రెండుసార్లు అదిమింది.

"బాగానే చెప్పావు. కానీ మరక వదలని వాటిని మనమెప్పుడు పడేశామే? నానబెడతాం కదా. మొన్న ఆ ఆపరేషను గదివి మూడు రోజులు నానబెట్టలేదూ?"

"మాటవరసకన్నాలే."

"ఆ పిల్ల ఎవరి పిల్లో?"

"ఎవరి పిల్లయితే మనకేం? పెంచలేనివాళ్ళు కనకూడదు."

అక్క తర్వాతి దుప్పటి మూలలు అందించింది.

ఆ సాయంత్రం స్కూలు నుంచి నోటీసు వచ్చింది. పాఠం అందుకోలేకపోతున్న ముగ్గురు పిల్లల్ని సోమవారం నుంచి వేరే జట్టుగా చేస్తారు. వాళ్ళకు టీచరు ఉండదు. రికార్డు చేసిన వీడియోలు పంపుతారు, ఇంట్లోనే చూసుకోవాలి. ఏడాది చివర పై తరగతికి పంపాలా వద్దా అన్నది అప్పుడు నిర్ణయిస్తారు. శనివారం తల్లిదండ్రుల అభిప్రాయం తీసుకుని ఖాయం చేస్తారు. ముగ్గురెవరన్నది శుక్రవారం వాళ్ళవాళ్ళ ఇళ్ళకు ఫోను చేసి చెబుతారు. పిట్ట వాళ్ళమ్మ నోటీసు చదివి, "వింటారు మరి, నలుగురూ గట్టిగా అడిగితే," అనుకుంది. ఆ రోజు ఫోనుకు శానిటైజరు మూడుసార్లు కొట్టింది.

శుక్రవారం ఆమెకు సెలవు. చాలా వారాల తర్వాత వచ్చిన సెలవు. తొమ్మిదిన్నరకు పిట్ట కిటికీ కింద పీట వేసుకుని, బియ్యం డబ్బాకు ఫోను ఆనించి కూర్చుంది. తల్లి తలుపు పక్కన నేల మీద ఉతికిన బట్టలు ముందేసుకుంది. ఇంట్లో బట్టలైనా చేతులు కొలతలోనే మడుస్తాయి, అంచుకు అంచు తగలాల్సిందే.

తెర మీద టీచరు కనిపిస్తోంది. ఆవిడ వెనక గోడకు చిన్న నల్లబోర్డు. పెదవులు కదులుతున్నాయి. పిట్ట మెడ చాచి ఆ పెదవుల వంక చూసింది. చూసి, చటుక్కున ఫోను తీసి, కింది అంచు చెవికి నొక్కి పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. మూడు నాలుగు క్షణాల తర్వాత ఫోను దించి బోర్డు వంక చూసింది. పుస్తకంలో ఏదో రాసింది. మళ్ళీ చెవికి. మళ్ళీ కళ్ళ ముందుకి. మూడోసారి ఫోను దించేసరికి టీచరు బోర్డు తుడిచేస్తోంది.

"మళ్ళీ చెప్పండి టీచర్," అంది పిట్ట.

తెర కింద చిన్నచిన్న గళ్ళలో పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. ఒకడు తన చెవి పట్టుకుని కెమెరా ముందుకు లాగి చూపించాడు.

పిట్ట వాళ్ళమ్మ చేతిలో సగం మడిచిన లంగా అలాగే ఉండిపోయింది.

ఆమె లేచి వెళ్ళలేదు. క్లాసు అయ్యేదాకా అక్కడే కూర్చుంది. అరగంటలో పిల్ల పదకొండుసార్లు మళ్ళీ చెప్పమంది. పదకొండుసార్లూ టీచరు ఆగింది. రెండుసార్లు బోర్డు మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసి, బోర్డును కెమెరాకు దగ్గరగా తెచ్చి పట్టుకుంది. క్లాసు అయిపోయాక తల్లి ఫోను అందుకుని శబ్దం ఆఖరిదాకా పెంచి ఒక పాట పెట్టింది. డబ్బా అడుగున ఇసుక కదిలినట్టు గరగర వచ్చింది, అంతే. చెవికి నొక్కిపెడితే దూరాన ఎక్కడో ఎవరో పాడుతున్నట్టు ఉంది. కాల్ మాట్లాడే పై కన్నం బాగానే ఉంది. ఆమెకు కావాల్సింది రోజూ అదొక్కటే. కిందిది పోయిందని ఆమెకు తెలిసే దారే లేదు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

పిట్ట పుస్తకం మూసి, దాని మీద చేతులు పెట్టుకుంది. "చాలా రోజులైంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను. నువ్వు అన్నం తింటున్నావు. మనసు పెట్టి వింటే అదే వినపడుతుంది అన్నావు."

అన్నది. అన్నట్టు గుర్తుంది. ఆ రోజు ఏ కూర తిన్నదో కూడా గుర్తొచ్చింది.

"టీచర్ని పదిసార్లు అడుగుతావు, నన్ను రెండోసారి అడగలేకపోయావా?"

పిల్ల మెడ వాల్చి తల్లి మొహంలోకి చూసింది. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టుంది.

"నువ్వు మందు కొట్టి తుడుస్తావు కదమ్మా. తుడిచిన మర్నాడు ఇంకా గరగర. దాంతోనే పాడైంది."

"మరి కొట్టొద్దని చెప్పొచ్చు కదా!"

"కొట్టకపోతే మనందరం చచ్చిపోతామని నానమ్మ చెప్పింది. ముందు నువ్వే చచ్చిపోతావు కదా. నువ్వే కదా ఆస్పత్రికి వెళ్ళేది." పుస్తకం అంచు గిల్లుతూ, "పాఠం అయితే మళ్ళీ చెబుతారుగా," అంది.

పిట్ట వాళ్ళమ్మకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. గ్రూపులో తను నవ్విన నవ్వు, పెంచలేనివాళ్ళు కనకూడదన్న మాట, మేడమ్ అనిపించుకుని మురిసిపోయిన మురిపెం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అదే సమయానికి స్కూలు నుంచి ఫోను వచ్చింది. ముగ్గురిలో మీ అమ్మాయి ఉంది, రేపు మీటింగులో ఖాయం చేస్తారు, ముందుగా చెబుతున్నాం అని ఆఫీసు గుమాస్తా చదివినట్టుగా చెప్పి పెట్టేశాడు.

ఆమె వెంటనే ఫోను పట్టుకుని రిపేరు దుకాణానికి పరుగెత్తింది. షట్టరు ముప్పాతిక దించి ఉంది. దుకాణంలో అద్దాల మీద అద్దాలు పెట్టుకున్న పెద్దాయన కింద సందులోంచి చెయ్యి చాచి ఫోను లోపలికి లాక్కున్నాడు. కాసేపటికి లోపల్నుంచే గొంతు వచ్చింది.

"దీనికి రోజూ తలంటి పోస్తున్నారా అమ్మా?"

"శానిటైజరు కొట్టానండీ."

"తెలుస్తూనే ఉంది. స్పీకరు కుళ్ళిపోయింది. ఇయర్‌ఫోను పెట్టుకుందామన్నా ఆ కన్నమూ చిలుం పట్టింది. పార్టు తెప్పించాలి. లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి కదా, పది రోజులు పట్టచ్చు."

"రేపు సాయంత్రానికి కావాలండీ."

"నాకూ చాలా కావాలమ్మా," అని ఆయన ఫోను బయటికి తోశాడు. ఆయన తప్పేముంది?

ఇంటికి వచ్చే దారిలో ఎదురింటి తలుపు ముందు ఒక్క నిమిషం నిలబడింది. ఒక గంటసేపు ఫోను ఇస్తారా అని అడుగుదామనుకుంది. తలుపు సందులోంచి ఆవిడ కళ్ళు కనిపించాయి. ఆ కళ్ళను చూశాక అడగడం ఎందుకులే అనిపించి ఇంట్లోకి వచ్చేసింది. మిగిలింది బ్యాంకాయన.

ఆయన మంచిగానే మాట్లాడాడు. "మీ మెసేజీ విని మా ఆవిడ చప్పట్లు కొట్టిందమ్మా!" అన్నాడు.

"అది రేపు వినిపించొద్దు సార్. తీసేయండి."

"అదేంటమ్మా?"

"ఆ చెవిపిల్ల మా పిల్లే సార్."

పిట్ట వాళ్ళమ్మ గబగబా ఫోను సంగతంతా చెప్పేసింది.

"అయ్యయ్యో. అలా చెప్పండి మరి," అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని. "అంటే మీది ఫోను సమస్య. పిల్ల సమస్య కాదు. నేను హెడ్‌మేడమ్‌తో ఇప్పుడే మాట్లాడి మీ అమ్మాయిని లిస్టులోంచి తీయిస్తాను. మీరు నిశ్చింతగా ఉండండి. మిగతా ఇద్దరిదీ వేరే కథ."

"వాళ్ళదేం కథ సార్?"

"అది మనకెందుకమ్మా? మీ మెసేజీ మాత్రం ఉండనివ్వండి. పనిచేసుకునే తల్లి కూడా ఇదే కోరుతోందంటే దానికి ఒక బరువు ఉంటుంది. మీరేం మాట్లాడక్కర్లేదు. వచ్చి కూర్చోండి చాలు."

"సరే సార్," అంది. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. పిట్ట క్లాసులోనే ఉంటుంది. పార్టు రాగానే స్పీకరు వేయించుకోవచ్చు. చెవిపిల్ల సంగతి నలుగురికీ తెలియాల్సిన పనే లేదు. అన్నం సయించింది.

పడుకోబోయే ముందు పిట్టను దగ్గరికి తీసుకుని, ఊరికే అడిగినట్టుగా అడిగింది. "మీ క్లాసులో పాఠం అందుకోలేని వాళ్ళు ఇంకెవరున్నారే?"

"పొడుగోడు ఉన్నాడు. వాళ్ళ అన్నయ్య క్లాసు అయ్యాకే వాడికి ఫోనిస్తారు. సగంలో వస్తాడు. ఇంకోటి రెండు జడల పిల్ల. అది ముందు బాగానే చెప్పేదమ్మా. ఇప్పుడు టీచరు ఏమడిగినా పలకదు. వాళ్ళమ్మకి జ్వరం వచ్చి ఆస్పత్రిలో ఉంది."

"ఏ ఆస్పత్రి?"

"మీదే," అంది పిట్ట.

శనివారం లాండ్రీలో మధ్యాహ్నం దాకా పని. జ్వరం వార్డు దుప్పట్లు ఎర్ర సంచుల్లో వస్తాయి. సంచి విప్పకుండానే వేడినీళ్ళ మిషన్లో వేయాలి, సంచి లోపలే కరుగుతుంది. ఉతికి ఆరి బయటికి వచ్చాక ఏ దుప్పటి ఎవరిదో ఎవరికీ తెలియదు. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం ప్రతి దుప్పటీ పట్టుకున్నప్పుడు దీని కింద ఆ రెండు జడల పిల్ల తల్లి పడుకుని ఉంటుందా అనుకుంది. ఆవిడకు పిల్ల క్లాసు సంగతి ఎవరైనా చెప్పి ఉంటారా? చెప్పినా ఆవిడేం చేస్తుంది? మూలలు రెండుసార్లు తప్పాయి.

"ఏమైందే?" అంది అక్క.

"ఏం లేదక్కా," అని, నాలుగు దుప్పట్లయ్యాక మొత్తం చెప్పింది. చెప్పాక అక్క ఏదైనా అంటుందని, తిట్టినా బాగుండునని చూసింది. అక్క మూలలు సరిచేసి, "పట్టు సరిగ్గా," అంది అంతే.

సాయంత్రం ఐదింటికి మీటింగు. పిట్ట వాళ్ళమ్మ ఉతికిన చీర కట్టుకుని, పీట మీద కూర్చుని, బియ్యం డబ్బాకు ఫోను ఆనించింది. పిట్ట పక్కనే గోడకు చేరగిలబడింది. తెర నిండా గళ్ళు, గళ్ళ నిండా మొహాలు. ఒక గడిలో హెడ్‌మేడమ్, ఒక మూల గడిలో టీచరు. బ్యాంకాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అందరి పెదవులూ కదులుతున్నాయి. గరగర తప్ప ఏమీ రాలేదు. రెండు నిమిషాలు వాళ్ళను చూస్తూ కూర్చుంది. తర్వాత వేరే దారి లేక ఫోను తీసి కింది అంచు చెవికి నొక్కుకుంది.

దూరాన సన్నగా హెడ్‌మేడమ్ గొంతు వినిపించింది. పిల్లల భవిష్యత్తు, అందరి మేలు అంటోంది. తర్వాత బ్యాంకాయన గొంతు. "అది ముగ్గురు కాదు మేడమ్, ఇద్దరే, ఒకరిది పొరపాటు," అంటున్నాడు. మాట నిలబెట్టుకున్నాడు, మంచివాడే. ఆ వెంటనే ఎవరో ఆడమనిషి మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు చిరాగ్గా, గర్వంగా ఉంది. మరక వదలని దుప్పటిని తీసి పక్కన పడేస్తాం అంటోంది. చూసుకోలేకపోతే అది వాళ్ళ తప్పు అంటోంది. పిట్ట వాళ్ళమ్మకు అది తన గొంతని తెలియడానికి క్షణం పట్టింది. ఇంత కటువుగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మెసేజీ అయిపోగానే ఎవరింట్లోనో పిల్లలు అరిచారు. "చెవి! నాన్నా, చూడు, చెవి వచ్చింది!" ఇంకెవరో కిసుక్కున నవ్వారు. పెద్దవాళ్ళే.

"ఎవరండీ అది, కెమెరా సరిచేసుకోండి," అంది హెడ్‌మేడమ్.

పిట్ట వాళ్ళమ్మ ఫోను దించి డబ్బాకు ఆనించింది. ఇక తనకు ఏమీ వినపడదు. మాట్లాడాలంటే వినపడాల్సిన పనేం లేదు కదా అనుకుంది.

"ఇప్పుడు విన్నారు కదండీ, ఆ గొంతు నాది. ఇందాక చూశారు కదా, ఆ చెవి కూడా నాదే. రోజూ మీ పిల్లలు చూసి నవ్వేది మా పిల్ల చెవి. మా ఫోన్లో మాట బయటికి రాదు. పాడుచేసింది నేను, శానిటైజరు కొట్టి. అది నాకు నిన్ననే తెలిసింది. చెవికి పెట్టుకుంటే బోర్డు కనపడదు, బోర్డు చూస్తే మాట వినపడదు. అందుకని మళ్ళీ చెప్పమంటుంది. మా పిల్లని లిస్టులోంచి తీసేశారట. మిగతా ఇద్దర్నీ పంపేస్తారట. ఒకడికి ఫోను సగంలో చేతికొస్తుంది. ఇంకో పిల్ల వాళ్ళమ్మ మా ఆస్పత్రిలోనే ఉంది. నేను మంగళవారం ఆ మెసేజీ పెట్టినప్పుడు వీళ్ళెవరో నాకు తెలియదు. మీకు ఇప్పుడూ తెలియదు. మరక వదలకపోతే పడేస్తామన్నాను, అబద్ధమండీ. నానబెడతాం. మూడు రోజులైనా నానబెడతాం. పంపితే ముగ్గుర్నీ పంపండి. మా పిల్లదొక్కదాని పేరు తీయొద్దు. లేదంటే ముగ్గుర్నీ ఉంచండి. నేను చెప్పేది అంతే."

ఆగింది. గళ్ళల్లో ఒకేసారి చాలా పెదవులు కదిలాయి. డాక్టరుగారి భార్య చెయ్యి ఊపుతూ ఏదో అంటోంది. బ్యాంకాయన అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఎవరో ఒకాయన వేలు చూపించి గట్టిగా మాట్లాడుతున్నాడు. తిడుతున్నాడో సమర్థిస్తున్నాడో తెలియదు. హెడ్‌మేడమ్ చెయ్యెత్తి అందరినీ ఆపి ఏదో అడిగింది. ఒక చెయ్యి లేచింది. ఇంకొకటి. మరో మూడు.

చేతులు లేస్తున్నాయి. ఉంచమనేవాళ్ళవా, పంపమనేవాళ్ళవా? ఫోను చెవికి పెట్టుకుంటే చేతులు కనపడవు.

"మేడమ్, మళ్ళీ చెప్పండి. నాకు వినపడలేదు," అంది.

హెడ్‌మేడమ్ విసుగ్గా ఏదో అంది. అది విసుగని తెలుసుకోవడానికి చెవులు అక్కర్లేదు. మూల గడిలో టీచరు అటు తిరిగింది. సుద్దముక్క తీసుకుంది.

"చూడమ్మా, రాస్తారు," అంది పిట్ట నెమ్మదిగా. "నాక్కూడా ఇలాగే రాస్తారు."

టీచరు రాసి, బోర్డును రెండు చేతులతో తీసి కెమెరా ముందుకు తెచ్చి పట్టుకుంది. అక్షరాలు పెద్దవిగా, పిల్లలకు రాసినట్టు విడివిడిగా ఉన్నాయి. 'ముగ్గురూ మనతోనే ఉండాలి అనేవారు చేయి ఎత్తండి.'

పిట్ట వాళ్ళమ్మ చెయ్యెత్తింది. పిట్ట కూడా ఎత్తబోతే, "పిల్లలకు ఓటు లేదు," అని దాని చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

హెడ్‌మేడమ్ వేలితో ఒక్కో గడినీ చూపిస్తూ లెక్కపెట్టింది. కొందరు ఎత్తి దించి మళ్ళీ ఎత్తారు. చెవిపిల్ల అని మొదట రాసిన తల్లి తల వంచుకుని చెయ్యి పైకి పెట్టింది. బ్యాంకాయన ఎత్తలేదు. డాక్టరుగారి భార్య వీడియో ఆపేసుకుంది. టీచరు బోర్డు తుడిచి మళ్ళీ రాసి పట్టుకుంది. 'వచ్చినవారు 34. ఉండాలి అన్నవారు 19.'

పిట్ట వాళ్ళమ్మ ఆ అంకెను రెండుసార్లు చదివింది. ఆవలివైపు ఎందరో నోట్లో లెక్క వేసుకుంది. చెయ్యి అలాగే పైన ఉంది.

"అమ్మా, అయిపోయింది," అంది పిట్ట, చీర కొంగు లాగుతూ. "అందరూ దించేశారు. నువ్వొక్కదానివే ఎత్తి ఉంచావు."

"ఉండనీవే," అంది తల్లి. "దించమని నాకేం వినపడలేదుగా."